లోపలి కొలత

కృపావరం గీసిన ఇంట్లో తలుపు తెరిస్తే మంచానికి తగలదు. ముప్పై ఏళ్లుగా మార్కాపురంలో ఆయనకున్న పేరు ఆ ఒక్కటే. ఇంజనీరు కాదు, డిగ్రీ లేదు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, సుందరరామయ్య గారి దగ్గర పన్నెండేళ్లు ట్రేసింగ్ పేపర్ల మీద నడుము వంచి గీసి, ఆయన పోయినాక ఆ టేబుల్నే తెచ్చుకుని బస్టాండు వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. అంతే ఆయన చరిత్ర. కానీ ఊళ్లో ఏ వీధిలోకి పోయినా "ఇది నేను గీసిందే" అని ఒక ఇల్లన్నా చూపిస్తాడు. చూపించి ఊరుకుంటాడా? నిలబెట్టి చెప్తాడు. ఆ కిటికీ అక్కడెందుకు పెట్టినాడో, ఆ మెట్లు అటెందుకు తిప్పినాడో అంతా చెప్తాడు. వినేవాడి బస్సు కదిలిపోతా ఉన్నా సరే, చెయ్యి వదలడు.

సుందరరామయ్య గారు నేర్పినవన్నీ ఒక ఎత్తు, లోపలి కొలత ఒక్కటీ ఒక ఎత్తు. "గోడకూ గోడకూ మధ్య మనిషి మసిలే చోటెంత? అదిరా గది అంటే. గోడ మందం బయటికి పోవాల గానీ లోపలికి రాకూడదు" అనేవాడాయన. వాస్తు లెక్క కూడా ఆ లోపలి కొలత మీదే చూస్తారు కాబట్టి ఈ పక్క పాత మేస్త్రీలంతా అట్లనే దారం కట్టేవాళ్లు. దారానికి ఇవతల గది, అవతల గోడ. కృపావరం ఆదివారం చర్చికి పోయే మనిషి, వాస్తు మీద ఆయనకు నమ్మకమేమీ లేదు. అయినా ఈ పద్ధతి ఆయన ఒంట్లో ఇంకిపోయింది. కంప్యూటర్ మీద పడినాక కూడా ముందు లోపలి గీత గీసి, తర్వాత మందాన్ని బయటికి తోసేవాడు. ఇంకోలా గీసేవాళ్లు ఉంటారని ఆయనకు ఎప్పుడూ తోచలేదు.

ఆ కంప్యూటరూ, దాంట్లో ఉన్న గీతల ప్రోగ్రామూ రెండూ పాతవే. పదిహేనేళ్ల కిందట ఎవరో వేసిచ్చినవి. "మార్చు సార్, కొత్తవొచ్చినాయి" అని అందరూ చెప్పినారు. "ఇది నా మాట వింటుంది, ఇంకేం కావాల" అని ఈయన జవాబు.

మల్లయ్య ఆ గది మెట్లెక్కి వచ్చింది ఒక జూన్ నెలలో. ఎక్కేది ఆరు మెట్లే, ఆరింటికీ రెండు సార్లు ఆగినాడు. పలకల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు రాయి కోసిన మనిషి. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని ఒంగోలు డాక్టర్లు చెప్పేసినారు. యాభై రెండేళ్లకే డెబ్భై ఏళ్ల ముసలోడి మాదిరి అయిపోయినాడు. కుర్చీలో కూర్చుని, ఊపిరి అందినాక, ముందు మాట ఇదీ.

"అన్నా, నాకు రెండు సెంట్ల జాగా ఉంది. దాంట్లో హాలు లేకపోయినా సరే, వంటిల్లు ఎంత ఇరుకైనా సరే. బాత్రూం మాత్రం నా బిడ్డ ఒక్కతే పోయి ఒక్కతే వచ్చేట్టు ఉండాల."

ఆ బిడ్డ పేరు హేమలత. డిగ్రీ చివరి ఏడాదిలో కాలేజీకి వచ్చే ఆటో తిరగబడి వెన్ను దెబ్బతినింది. కాళ్లు పడిపోయినాయి. చేతుల్లో బలం మాత్రం నిలిచింది. అది జరిగి మూడేళ్లు. ఆ మూడేళ్లూ అద్దె కొంపలో చక్రాల కుర్చీ గడప దాటేది కాదు.

"ఇరవై నాలుగేళ్ల పిల్లన్నా" అన్నాడు మల్లయ్య. "ఒంటికి పోవాలన్నా వాళ్లమ్మ ఎత్తుకోవాల. ఆమె కూలికి పోతే వచ్చేదాకా బిగబట్టుకుని కూచుంటుంది. నేను ఎత్తుకుందామంటే నాకే ఊపిరి లేదు, పైగా ఆడపిల్ల. ఏం చేస్తా ఉందో తెలుసునా నీకు? నీళ్లు తాగటం మానేసింది. ఎండాకాలంలో అన్నా! గ్లాసు పెదాలకు ఆనించి తాగినట్టు నటిస్తుంది. నేను పొయ్యేలోపల అది ఎవరి చెయ్యీ పట్టకుండా తలుపేసుకోవటం చూడాల. డాక్టరు నాకు ఏడాది అన్నాడు."

కృపావరాన్ని ముప్పై ఏళ్లలో పూజగదికి కొలత అడిగినవాళ్లున్నారు, బీరువాకు అడిగినవాళ్లున్నారు, కారు కొనకముందే కారుకు అడిగిన మహానుభావులూ ఉన్నారు. ఇట్ల అడిగినవాడు మాత్రం లేడు.

మర్నాడే టేపూ సుద్దముక్కా తీసుకుని వాళ్లింటికి పోయినాడు. హేమలత ముందు సిగ్గుపడింది. కుర్చీని వీధి అరుగు మీదికి ఎత్తి పెట్టించి గుండ్రంగా తిప్పమన్నాడు. ఆమె తిప్పింది. ముందు చక్రం పోయిన దారి వెంబడి ఈయన నేల మీద కూచుని జరుగుతా సుద్దతో గీసినాడు. ఒకసారి కాదు, ఐదు సార్లు. ఐదోసారికి ఆమె నవ్వింది.

"ఏంది పెదనాయనా, నాకు కళ్లు తిరుగుతా ఉన్నాయి."

"తిరగనీ. నాకు కావాల్సింది నీ కుర్చీ తిరిగే చోటు" అన్నాడు ఈయన. కొలిస్తే నాలుగడుగుల పదంగుళాలు వచ్చింది.

ఆ ప్లాను మీద కూచున్నంతసేపు ఆయన ఏ ప్లాను మీదా కూచోలేదు. రెండు సెంట్లంటే ఎంత? ఒక పక్క అంగుళం ఇస్తే ఇంకో పక్క అంగుళం పోతుంది. బాత్రూం వెడల్పు ఐదడుగుల రెండంగుళాలు పెట్టినాడు. ప్లాస్టరింగూ టైల్సూ కలిపి రెండంగుళాలు తినేసినా ఐదడుగులు మిగులుతుంది, కుర్చీ హాయిగా తిరుగుతుంది. పక్కకు జరిగే తలుపు. పట్టుకుని లేవటానికి రెండు స్టీలు కడ్డీలు. కుళాయి, కూచున్న మనిషి చేతికందే ఎత్తులో. వంటింట్లోంచి కోసి మరీ ఇచ్చినాడు. మల్లయ్య భార్య వెంకటసుబ్బులమ్మకు చూపిస్తే "నేను గుమ్మంలో నిలబడైనా వండుకుంటా అన్నా, దానికే ఇయ్యి" అనింది.

ఇంతవరకూ అంతా బాగుంది. కానీ ఈ రోజుల్లో ప్లాను గీసేస్తే ఇల్లు లేస్తుందా? ఆన్‌లైన్‌లో పర్మిషన్ కావాల. పిల్లర్లకూ స్లాబుకూ లెక్క కట్టాల. దానికి లైసెన్సున్న ఇంజనీరు కావాల. ఆ పని వినయ్ కుమార్ చేస్తాడు. కాలేజీ రోడ్డులో ఆఫీసు, మంచి పిల్లవాడు, పెద్దల్ని చూస్తే లేచి నిలబడతాడు. అతను వాడే ప్రోగ్రాం వేరే రకం, సరికొత్తది. దాంట్లో గీత గీస్తే గోడ దానంతటదే లేచి నిలబడుతుంది, ఇల్లు ముప్పాతిక వంతు కట్టినట్టే కనిపిస్తుంది.

కృపావరం ఫైలు పంపినాడు. అది అక్కడ తెరుచుకోలేదు. "మీ వెర్షన్ మరీ పాతది సార్, డీఎక్స్ఎఫ్‌లో పంపండి" అన్నాడు వినయ్. డీఎక్స్ఎఫ్ అంటే ఏ ప్రోగ్రామైనా చదువుకునే ఫైలు. అట్ల పంపినాడు. తెరుచుకునింది, కానీ ఇల్లు అగ్గిపెట్టెంత వచ్చింది. ఇక్కడి అంగుళాల్ని అది మిల్లీమీటర్లనుకునింది. ఇద్దరూ ఫోన్లో పడీపడీ నవ్వినారు. "మల్లయ్య ఇల్లు జేబులో పెట్టుకుని పోవచ్చబ్బాయ్" అన్నాడు ఈయన. కొలత సరిచేసినారు. ఈయన తెలుగులో రాసిన గది పేర్లన్నీ డబ్బాలు డబ్బాలుగా వచ్చినాయి. అవి మళ్లీ రాసుకున్నారు. తప్పులన్నీ దొరికిపోయినాయని ఇద్దరికీ ధైర్యం వచ్చింది.

చివరిగా వినయ్ ఒక మాట అడిగినాడు. "సార్, మీరు గోడకు రెండేసి గీతలు గీసినారు. నా ప్రోగ్రాం ఒక్కో గీతనూ ఒక్కో గోడ అనుకుంటా ఉంది. గోడకు ఒక్క గీతే ఉంచి పంపండి, మందం నేనిచ్చేస్తా."

అదేం పెద్ద పని అనుకున్నాడు కృపావరం. అరగంట కూచుని అన్ని గోడలకూ ఒక గీత ఉంచి, ఇంకోటి చెరిపేసినాడు. బాత్రూం దగ్గరికి వచ్చేసరికి మరీ జాగ్రత్త పడినాడు. ఇటు బయటి గోడకు గానీ, అటు వంటింటి గోడకు గానీ, బాత్రూం లోపలి గీతే ఉంచినాడు. మందం అటు పోతే పోనీ, ఆ పిల్ల చోటు మాత్రం పోకూడదు. పంపించినాడు. నేనుంచింది లోపలి గీత అని చెప్పలేదు. ఎందుకు చెప్తాడు? నీళ్లు తడిగా ఉంటాయని ఎవరైనా చెప్తారా?

అక్కడ వినయ్ ప్రోగ్రాం ఆ గీతను గోడకు నడిమధ్య పెట్టుకునింది. అది దాని పద్ధతి. ఈ కాలం ఇంజనీర్ల పద్ధతి కూడా అదే. గోడ మందంలో సగం బయటికి, సగం లోపలికి. బయటి తొమ్మిదంగుళాల గోడ నాలుగున్నర అంగుళాలు లోపలికి వచ్చింది. వంటింటి పక్క నాలుగున్నర గోడ రెండుంపావు లోపలికి వచ్చింది. గీతకూ గీతకూ మధ్య దూరం మాత్రం మారలేదు కదా! అందుకని కాగితం మీద ఐదడుగుల రెండంగుళాలు అట్లనే ఉంది. వినయ్ ప్రింటు తీసి పంపితే కృపావరం కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చూసుకున్నాడు. అన్నీ తను వేసిన అంకెలే. సంతోషంగా సంతకం పెట్టినాడు.

పునాదికి ముగ్గు పోసిన రోజు కూడా ఉన్నాడు. మేస్త్రీ ఆదిశేషు మేకులు కొట్టి దారాలు కట్టించినాడు. కృపావరం వంగి టేపు పట్టినాడు. బాత్రూం దగ్గర దారానికీ దారానికీ మధ్య ఐదడుగుల రెండంగుళాలు, వెంట్రుక తేడా లేదు. ఇంజనీరు ప్లాను చూసి కట్టే ఆదిశేషుకు ఆ దారం గోడ నడిమి గీత. కృపావరానికి అది గోడ లోపలి అంచు. ఇద్దరూ ఒకే దారాన్ని చూస్తా "సరిగ్గా ఉంది" అన్నారు.

ఆ తర్వాత గోడలు లేచినాయి. కృపావరం మధ్యలో రెండు సార్లు వచ్చినాడు గానీ బాత్రూం నిండా సిమెంటు బస్తాలు, సెంట్రింగ్ చెక్కలు. ఇరుకుగా అనిపించింది. పూత పెట్టని గది ఎప్పుడూ ఇరుకుగానే కనపడుతుందిలే అనుకున్నాడు. అద్దె ఇంటి నుంచి ఆ కుర్చీ తెచ్చి ఒకసారి తిప్పి చూద్దామని ఎవరికీ తట్టలేదు. అప్పటికింకా ర్యాంపే లేదు, కుర్చీ ఎక్కేదెట్ల?

మల్లయ్య మాత్రం రోజూ వచ్చేవాడు. వద్దన్నా వినేవాడు కాదు. ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూచుని పైపు పట్టుకుని గోడలు తడిపేవాడు. తడపటం కూడా ముందు బాత్రూం గోడలే. ఆదిశేషు ఎగతాళి చేసేవాడు. "మామా, అవి మొలకెత్తుతాయి ఇంక చాలు." మల్లయ్య నవ్వబోయి దగ్గులో పడేవాడు. ఆ దగ్గు ఆగేదాకా అందరూ పనాపి నిలబడేవాళ్లు.

గృహప్రవేశం ఫాల్గుణ మాసంలో పెట్టుకున్నారు. డాక్టరు చెప్పిన ఏడాదిలో తొమ్మిది నెలలు అయిపోయినాయి. పాలు పొంగినాయి, వ్రతం అయింది, బంతి భోజనాలకు వీధిలో టెంటు వేసినారు. కృపావరం దంపతులకు కొత్త బట్టలు పెట్టినారు. భోజనాలకు లేవకముందే మల్లయ్య హాల్లో గోడకు ఆనుకుని కూచుని, అందరూ వినేట్టు పిలిచినాడు.

"అమ్మా హేమా! ఒకసారి పోయి రా తల్లీ. చూడాల నేను."

చుట్టాలు గొల్లున నవ్వినారు. బిడ్డ బాత్రూంకు పోయేది చూడాలనే తండ్రిని ఎక్కడైనా చూసినామా అని ఒకామె నోరు నొక్కుకునింది. హేమలత ఎర్రబడి, తండ్రి ముఖం చూసి, కుర్చీ తిప్పుకుంటా పోయింది. లోపలికి పోయి తలుపు జరిపి వేసుకునింది. మల్లయ్య కళ్లు ఆ తలుపు మీదే.

కృపావరం ఆ తలుపు పక్కన గోడకు ఆనుకుని ఉన్నాడు. లోపల చక్రం గోడకు కొట్టుకున్న చప్పుడు వినపడింది. కొత్త కదా, అలవాటు పడాలిలే అనుకున్నాడు. మళ్లీ కొట్టుకునింది. ఇంకోసారి. ఈసారి వెనక చక్రం. ఆ తర్వాత చప్పుడు లేదు. కాసేపటికి కుర్చీకి కాళ్లు ఆనించే మెట్టు పైకి మడిచిన చప్పుడు. తర్వాత మెత్తగా ఏదో నేల మీద పడినట్టు, తడి టైల్స్ మీద బరువైనదేదో ఈడ్చుకుంటా పోయినట్టు ఒక చప్పుడు. కొద్దికొద్దిగా, ఆగి ఆగి.

"పట్టిందా అమ్మా?" అని మల్లయ్య కేకేసినాడు.

ఈడ్చుకునే చప్పుడు ఆగింది.

"పట్టింది నాయనా! బ్రహ్మాండంగా తిరుగుతా ఉంది" అని లోపలి నుంచి గొంతు వచ్చింది.

మల్లయ్య రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చినాడు. సంతోషంతో ఏడ్చినాడు. ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకున్నారు. చానాసేపటికి తలుపు జరిగింది. తిరిగిన కుర్చీ అయితే ముఖం ఇటు పెట్టి రావాల. హేమలత వెనక్కి వెనక్కి వచ్చింది. లంగా మోకాళ్ల దగ్గర తడిసి ఉంది. "కుళాయి నీళ్లు చిందినాయి" అని తండ్రికి చెప్పింది. కృపావరం వైపు మాత్రం చూడలేదు.

అందరూ భోజనాలకు లేచినాక కృపావరం లోపలికి పోయి జేబులోని టేపు తీసినాడు. నాలుగడుగుల అయిదంగుళాలు, పైన ఒక పావు. మళ్లీ పెట్టినాడు. కింద పెట్టినాడు, పైన పెట్టినాడు. గోడ జరుగుతుందా ఏమన్నా? ఎట్ల జరిగిందో ఆయనకు అక్కడే, ఆ నిలుచున్న చోటే అర్థమైపోయింది. ఆ అరగంట, తను చెరిపిన గీతలు, చెప్పకుండా పంపిన ఫైలు. కమోడు మూత మీద కూలబడినాడు. కొత్త చొక్కా మీద కన్నీళ్లు పడినాయి.

తలుపు దగ్గర కుర్చీ వచ్చి ఆగింది.

"పెదనాయనా, మా నాయనకు చెప్పొద్దు" అనింది హేమలత.

"తప్పు నాది తల్లీ. నాదే. రేపే ఆదిశేషును పిలిచి ఈ వంటింటి గోడ కొట్టించి..."

"వద్దు. గోడ కొడితే ఎందుకని అడుగుతాడు. ఆస్పత్రికి పోయిన రోజు కొట్టించినా ఇంటికొచ్చి పచ్చి సిమెంటు వాసన పసిగడతాడు. ఇరవై ఆరేళ్లు రాళ్లల్లో బతికినోడు పెదనాయనా. ఈ గోడలు తడిపింది ఆయనే. దీని కోసమే ఊపిరి పట్టుకుని ఉన్నాడు. ఆయన ఉన్నన్నాళ్లూ ఇది తిరిగేదే." ఆ పిల్ల తన రెండు చేతులూ చాపి చూపించింది. "నా చేతుల్లో బలం ఉందిలే. పాకుతా."

కృపావరం టేపు జేబులో పెట్టుకుని, తల వంచుకుని బయటికి వచ్చినాడు. ఆ రోజు ఆయన బంతిలో కూచున్నాడు గానీ ఒక్క ముద్ద దిగలేదు.

మర్నాడు వినయ్ ఆఫీసుకు పోయినాడు. అరవాలనే పోయినాడు. వినయ్ ఫైలు తెరిచి, గీత మీద గోడను చూపించి, అర్థమయ్యేసరికి ముఖం తెల్లబోయి కూచున్నాడు.

"మీరు లోపలి గీత అని చెప్పలేదు సార్. ఒక్క గీతంటే ఎవరైనా నడిమి గీతే కదా పంపేది."

"నువ్వు అడగలేదు కదబ్బాయ్."

ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. అరవటానికి ఏమీ మిగల్లేదు. వినయ్ లేచి వచ్చి ఆయన పక్కన కూచుని "నేనొచ్చి వాళ్ల కాళ్లు పట్టుకుంటా సార్" అన్నాడు. అదీ వద్దన్నాడు కృపావరం. ఎవరి కాళ్లు పట్టుకున్నా మల్లయ్యకు తెలిసిపోతుంది.

తర్వాత రెండు నెలల సంగతి చెప్పాలంటేనే బాధ. తిట్టినవాడి ముందు నిలబడొచ్చు గానీ దండం పెట్టేవాడి ముందు నిలబడటం ఎంత నరకమో కృపావరానికి తెలిసొచ్చింది. మల్లయ్య హాల్లో మంచం వేయించుకున్నాడు, తలుపు కనపడేట్టు. పలకరించటానికి ఎవరొచ్చినా ముందు బాత్రూం చూపించటమే. "మా అన్న గీసినాడు. వాళ్లమ్మ ఇప్పుడు నిశ్చింతగా పనికి పోతా ఉంది. పిల్ల నీళ్లు తాగుతా ఉంది చూడండి, బిందెలు బిందెలు తాగుతా ఉంది." అది నిజమే. తండ్రి చూస్తాడని హేమలత గ్లాసులు గ్లాసులు తాగేది. తాగినప్పుడల్లా పోయి, తలుపేసుకుని, కుర్చీ దిగి పాకేది. లోపల చప్పుడు వినపడకుండా కుళాయి తిప్పి పెట్టేది.

మోకాళ్లలో స్పర్శ అరకొర. చర్మం లేచిపోయినా ఆ పిల్లకు వెంటనే తెలిసేది కాదు. వెంకటసుబ్బులమ్మ కనిపెట్టేసింది. తల్లికి దాస్తే దాగుతుందా? వంటింట్లో తలుపు చాటున కూచోబెట్టి పసుపూ మందూ రాసేది, తను నోట్లో కొంగు కుక్కుకునేది. కృపావరం మెత్తటి రబ్బరు పట్టా ఒకటి తెచ్చి బాత్రూంలో పరిచినాడు. "జారకుండా" అని మల్లయ్యకు చెప్పినాడు. దానికీ మల్లయ్య దండం పెట్టినాడు.

ఒక సాయంత్రం మల్లయ్య ఈయన్ని దగ్గరికి రమ్మన్నాడు. అప్పటికి మాట కూడా విడివిడిగా వస్తా ఉంది, మధ్యలో ఊపిరి కోసం వెతుక్కోవాల.

"అన్నా, ఒక్కటి అడుగుతా. నిజం చెప్పు."

కృపావరం తెలిసిపోయిందనుకున్నాడు. ఒక పక్క హమ్మయ్య అని కూడా అనిపించింది.

"వాళ్లమ్మ కూడా ముసల్దవుతుంది కదా. మేమిద్దరం పోయినా అది ఒక్కతే పోగలదా దాంట్లోకి? నువ్వు కొలిచినోడివి, నీకు తెలుస్తుంది."

హేమలత మంచం కాళ్ల దగ్గర కుర్చీలో ఉంది. ఈయన్నే చూస్తా ఉంది. కృపావరం తన వృత్తిలో ఎవరికీ అంగుళం అబద్ధం చెప్పలేదు. బిల్డింగులోళ్లు బతిమాలినా చెప్పలేదు.

"పోగలదు మల్లయ్యా" అన్నాడు. "ఐదడుగుల రెండంగుళాలు. నేను కొలిచినా."

మల్లయ్య ఆయన చెయ్యి పట్టుకుని తన రొమ్ము మీద పెట్టుకున్నాడు. లోపల ఊపిరి గరగరమంటా ఉంది. ఆ చెయ్యి వదిలించుకుని రావటానికి కృపావరానికి చానాసేపు పట్టింది.

నాలుగు రోజుల తర్వాత, పొద్దున కాఫీ తాగి, తలుపు వైపు చూస్తా చూస్తా పోయినాడు మల్లయ్య.

హేమలత ఏడవలేదు. శవాన్ని లేపేటప్పుడు కూడా కంట చుక్క రాలేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టే గుసగుసలు. తండ్రి ఆమె కోసం అంత తపించి చస్తే రాయిలా కూచుందే అని. వాళ్లకేం తెలుసు? నాలుగేళ్లుగా ఆ పిల్ల చుట్టూ ఎప్పుడూ ఎవరో ఒకరు. ఎత్తేవాళ్లు, దించేవాళ్లు, తుడిచేవాళ్లు, జాలిపడేవాళ్లు. తను ఏడిస్తే తల్లి ఏడుస్తుంది, తల్లి ఏడిస్తే తండ్రికి దగ్గొస్తుంది. అట్ల ఏడుపు మింగటం నేర్చుకునింది. తండ్రి పోయినాక ఇక నాటకం అక్కర్లేదని వెంకటసుబ్బులమ్మే మళ్లీ ఎత్తుకుని తీసుకుపోతా ఉంది, తలుపు తెరిచిపెట్టి. కూలి పనికి పోవటం మళ్లీ ఆగిపోయింది. హేమలత మళ్లీ నీళ్లు తగ్గించింది.

పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే కృపావరం ఆదిశేషును వెంటబెట్టుకుని వచ్చినాడు. సంగతి ఆదిశేషుకు దారిలో చెప్పినాడు. అతను బండి ఆపి రోడ్డు పక్కన కాసేపు నిలబడి, మళ్లీ ఎక్కినాడు. వంటింటి పక్క గోడ కొట్టేసి ఏడంగుళాలు అవతలికి కట్టినారు. వెంకటసుబ్బులమ్మ గిన్నెలు బయట పెట్టుకుని వీధిలో వండింది. ఈసారి కృపావరం ఏ కాగితమూ చూడలేదు. ఇటుక వరసలు లేస్తా ఉంటే ప్రతి వరసకూ లోపల నిలబడి టేపు పట్టినాడు. ప్లాస్టరింగ్ అయినాక ఒకసారి, టైల్స్ అంటించినాక ఒకసారి. ఐదడుగులు.

టైల్స్ ఆరేదాకా వారం ఆగినారు. ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో వెంకటసుబ్బులమ్మా, ఆదిశేషూ, కృపావరం తప్ప వేరే ఎవరూ లేరు. హేమలత కుర్చీని లోపలికి పోనిచ్చింది. కృపావరం హాల్లో నిలబడి చెవి అటే పెట్టినాడు. చక్రం ఎక్కడా తగల్లేదు. చక్రాల రబ్బరు టైల్స్ మీద రాసుకుంటా గుండ్రంగా తిరిగిన చప్పుడు ఒక్కటే వినపడింది. తిరిగిన కుర్చీలో హేమలత ఇటు ముఖం పెట్టి ఒక్క క్షణం వాళ్ల ముగ్గుర్నీ చూసింది. చెయ్యి చాపి తలుపు జరిపింది. లోపల గడియ పడింది.

తర్వాత కుళాయి తిప్పిన చప్పుడు. ఆ నీళ్ల చప్పుడును కూడా దాటుకుని ఏడుపు వచ్చింది. మామూలు ఏడుపు కాదది. "నాయనా" అని ఒక కేక, తర్వాత ఊపిరాడనట్టు, మళ్లీ "నాయనా" అని. నెల రోజులుగా లోపల పట్టి ఉంచిందంతా ఒక్కసారి తెంచుకుని వచ్చింది.

వెంకటసుబ్బులమ్మ "హేమా, హేమా" అంటా తలుపు మీద పడబోయింది. కృపావరం అడ్డం పోయి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఉండమ్మా. పిలవొద్దు" అన్నాడు. "ఏడవనీ. ఎవరూ చూడకుండా ఏడవటానికి దానికి ఇప్పటికి చోటు దొరికింది."

ఆమె అక్కడే నేల మీద కూలబడింది. ఆదిశేషు చేతిలోని తాపీ కింద పెట్టేసి తల తిప్పుకున్నాడు. కృపావరం తలుపుకు వీపు పెట్టి నిలబడినాడు, ఎవరూ రాకుండా కాపలా ఉన్నట్టు. ఆ చోటు మల్లయ్య బతికుండగా ఇవ్వాల్సింది. ఆ మాట ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. లోపల ఆ పిల్ల ఏడుస్తానే ఉంది, బయట ఆ ముగ్గురూ అట్లనే ఉండిపోయినారు.